వచ్చినవాళ్లు కుడి చేయి, రానివాళ్లు ఎడమ చేయి

ఇంగ్లీషు పంతుళ్లుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. తాండూరులో చాలాకాలం పాఠం చెప్పిన ముసలాయన ఉన్నాడని ఎవరో చెప్పి పంపుతారు. టీ తాగడం అయ్యాక అందరూ అడిగేది ఒకటే. "సార్, గ్రామరు ఎట్ల చెప్తే పిల్లలకు ఎక్కుతది?" అందులోనూ ఆడ్‌వెర్బ్ దగ్గరికి వచ్చేసరికి ముఖాలు ముడుచుకుంటారు. నౌనును వేలుపెట్టి చూపించవచ్చు, వెర్బును చేసి చూపించవచ్చు, ఈ ఆడ్‌వెర్బును ఏం చేయాలో తోచదంటారు.

నాకు తెలిసినంతవరకు చెబుతాను. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టర్ల గొడవ ఇందులో ఉండదు. అవి అందరికీ ఒకే తీరుగా ఉంటాయి, వినేవాళ్లకు ఆవలింతలు వస్తాయి. ఇద్దరు హెడ్‌మాస్టర్లు, ఒక పెద్దాయన, ఒక అమ్మాయి. వీళ్ల గురించి చెబితే నా ఉద్యోగం గురించి చెప్పినట్టే.

వికారాబాదు

మాది పూడూరు. వ్యవసాయం చేసుకునే ఇల్లు. నా చదువంతా ఉర్దూలో సాగింది. ఇంగ్లీషు వ్యాకరణం కూడా ఉర్దూ పేర్లతోనే నేర్చుకున్నాను. నామవాచకం ఇస్మ్, క్రియ ఫేల్, ఆడ్‌వెర్బ్ ముతల్లిఖ్ ఫేల్. నలభై ఎనిమిదిలో నిజాం పాలన పోయింది. మరుసటేడు నన్ను వికారాబాదు మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పమన్నారు. అప్పటికే పాఠాలు ఉర్దూ నుంచి తెలుగులోకి మారుతున్నాయి. ముందు వరుసవాడు ముతల్లిఖ్ ఫేల్ అంటే వెనక వరుసవాడు క్రియావిశేషణం అనేవాడు. అదేమిటో ఇద్దరికీ తెలియదు. ఆ రెండు భాషల మధ్య చదువుకున్న పిల్లల్ని తలుచుకుంటే నాకిప్పటికీ జాలేస్తుంది. అంతకుముందు ఏళ్ల తరబడి బట్టీ పట్టిన మాటలన్నీ ఒక్క వేసవి సెలవుల్లో పాతబడిపోయాయి.

నాకొక ఉపాయం తట్టింది. తెలుగులో మాట చివర 'గా' వస్తే పని ఎలా జరిగిందో తెలుస్తుంది. మెల్లగా, జాగ్రత్తగా, అందంగా. ఇంగ్లీషులో ఆ పని 'లీ' చేస్తుంది. "గా ఉన్నకాడ లీ పెట్టున్రి" అన్నాను. పిల్లలు సంబరపడ్డారు. కొద్దిరోజులకే నా బల్లమీద పిల్లల రాత కాపీలు వచ్చి పడ్డాయి. 'హి రన్స్ ఫాస్ట్‌లీ.' 'షి సింగ్స్ గుడ్‌లీ.' 'మై ఫాదర్ వర్క్స్ హార్డ్‌లీ.' చివరిదైతే మరీ ఘోరం. పొద్దు పొడిచింది మొదలు నాగలి పట్టుకునే తండ్రిని, పనే చేయడని కొడుకు రాసి ఇచ్చినట్టయింది.

కాబట్టి మీరు ఆ దారిన పోకండి. ఫాస్ట్, హార్డ్ వంటివాటికి తోక అక్కర్లేదు. గుడ్ పని దగ్గరికి వచ్చేసరికి వెల్ అవుతుంది. ఫ్రెండ్లీ, లవ్లీ వంటివాటికి చివర లీ ఉన్నా అవి మనుషుల్నీ వస్తువుల్నీ చెప్పే మాటలే. తోకను చూసి జంతువు పేరు చెప్పమనకండి. ఈ మాట మనిషి ఎలాంటివాడో చెబుతోందా, పని ఎలా జరిగిందో చెబుతోందా అని పిల్లవాడు తనను తాను ప్రశ్నించుకోవాలి. కేర్‌ఫుల్ డ్రైవర్ అంటే మనిషి సంగతి, డ్రైవ్స్ కేర్‌ఫుల్లీ అంటే పని సంగతి. ఈ ప్రశ్న అలవాటైతే సగం గండం గడిచినట్టే.

మిగతా సగం, మాటను ఎక్కడ పెట్టాలన్నది. మనం 'తలుపు మెల్లగా తెరిచాడు' అంటాం. అదే వరసలో పిల్లలు 'హి ద డోర్ స్లోలీ ఓపెన్డ్' అని రాస్తారు. పనినీ, ఆ పని దేనిమీద జరిగిందో దాన్నీ పక్కపక్కన ఉంచి, ఎలాగన్నది తర్వాత చెప్పమనండి. హి ఓపెన్డ్ ద డోర్ స్లోలీ. ఆల్వేస్, నెవర్ లాంటివి మాత్రం మామూలు క్రియకు ముందే వస్తాయి. ఇదంతా నేను బోర్డుమీద కంటే పిల్లల చేత తలుపులు తెరిపించి, కుండలు మోయించి చెప్పినప్పుడే వాళ్లకు ఎక్కింది. ఆ పద్ధతి నాది కాదు. ఎవరిదో ముందు ముందు చెబుతాను.

వికారాబాదు హెడ్‌మాస్టరు మాట తక్కువ మనిషి. ఒకసారి నేను దిద్దిన కాపీలు తెప్పించుకుని చూశాడు. ఒక పిల్లవాడు వాళ్ల అవ్వ గురించి రాస్తూ 'హర్ ఐస్ ఆర్ గోయింగ్ స్లోలీ స్లోలీ' అన్నాడు. మన దగ్గర మెల్లమెల్లగా అంటాం, ఆహిస్తా ఆహిస్తా అంటాం. అలాగే రెండుసార్లు రాశాడు. నేను ఒక స్లోలీని ఎర్రసిరాతో కొట్టేసి పక్కన మార్కు వేశాను.

"కొట్టేసుడు సరైందే," అన్నాడాయన. "ఇంగ్లీషుల ఒక్కపారే అనాలె. గని, పిల్లగాని అవ్వకు కండ్లు పోతున్నయట. ఎట్లున్నదని అడిగినవా?"

అడగలేదన్నాను. ఆయన కాపీ నా చేతికిచ్చాడు. ఆ పిల్లవాణ్ని మర్నాడు పిలిచి అడిగాను. అవ్వను అనంతగిరి దవాఖానకు తీసుకుపోదామంటే బండి దొరకడం లేదన్నాడు. మా పక్కింటివాళ్ల బండి అడిగి పంపించాం. తప్పు దిద్దేముందు వాక్యం ఏం చెబుతోందో చదవాలని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మీకిచ్చే మొదటి సలహా కూడా ఇదే.

రహీం సాబ్

తర్వాత నన్ను తాండూరు హైస్కూలుకు వేశారు. ఊళ్లోకి అడుగుపెడుతూనే నాపబండల దుమ్ము కళ్లలో పడింది. కందుల కాలంలో బజారంతా బస్తాలే. బడి మాత్రం దిగులుగా ఉండేది. ఉర్దూ సెక్షన్లు ఒకటొకటే మూతపడుతున్నాయి. ఆ సెక్షన్లలో చెప్పే సార్లు ఎవరి వంతు ఎప్పుడొస్తుందోనని చూస్తున్నారు.

వాళ్లలో పెద్దవాడు రహీం సాబ్. ఉర్దూ, ఫార్సీ చెప్పేవాడు. గడ్డం నెరిసింది. షేర్వానీ మోచేతుల దగ్గర నూలు తేలినా ఒక్క మరక ఉండేది కాదు. ఆయన క్లాసులో పిల్లలు ఎడమ చేత్తో పుస్తకం అందిస్తే తీసుకునేవాడు కాదు. చేయి వెనక్కి పెట్టుకుని చిరునవ్వుతో నిలబడేవాడు. పిల్లవాడు నాలుక కరుచుకుని కుడి చేత్తో ఇస్తే, రెండు చేతులా అందుకుని "షుక్రియా బేటా" అనేవాడు. ఆయన బెత్తం పట్టుకోగా నేను చూడలేదు.

ఇంగ్లీషు చెప్పగలిగితే బడిలో ఉంచుతామని, లేకపోతే లేదని ఆయనకు పైనుంచి మాట వచ్చింది. ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి ఒక పాఠం చూస్తాడట. పెన్షన్‌కు ఇంకా కొంతకాలం సర్వీసు తక్కువ. ఈలోగా ఇంటికి పంపితే అన్నేళ్ల చాకిరీ గాలికి పోతుంది. ఆ వయసులో ఆయన నా దగ్గరికి వచ్చి, పిల్లవాడిలా పుస్తకం తెరిచి కూర్చున్నాడు.

"నర్సిమ్మా, జర నాకు ఇంగ్లీష్ సబక్ చెప్పాలె," అన్నాడు. "శరం లేదు నాకు. నేర్చుకునేటందుకు శరమెందుకు?"

రోజూ బడి విడిచాక వరండాలో కూర్చునేవాళ్లం. టెన్సులు ఆయనకు కొరుకుడు పడలేదు. ఆర్టికల్స్ దగ్గర తల పట్టుకునేవాడు. ఆడ్‌వెర్బుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన ముఖం విప్పారింది.

"గీ ముతల్లిఖ్ ఫేల్ ఉన్నది సూడు, గిదే తమీజ్," అన్నాడు. "ఫేల్ అందరు చేస్తరు. తింటరు, నడుస్తరు, మాట్లాడ్తరు. ఎట్ల తిన్నరు, ఎట్ల మాట్లాడిన్రు, గక్కడ మనిషి తెలుస్తడు."

తమీజ్ అంటే మర్యాద. అప్పటిదాకా ఆడ్‌వెర్బును నేనెప్పుడూ అలా చూడలేదు. ఆయన ఆ మాట అన్నాక దానికొక మర్యాద వచ్చినట్టనిపించింది. పాఠానికి ఆడ్‌వెర్బులే తీసుకోమన్నాను. ఒక పిల్లవాణ్ని లేపి తలుపును మెల్లగా తెరవమనడం, ఇంకొకణ్ని కుండను జాగ్రత్తగా పట్టుకురమ్మనడం, వాళ్లు చేసిన తీరును క్లాసు చేత ఇంగ్లీషులో చెప్పించడం. ఇదంతా ఆయన సొంత ఊహ. నేను ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ పాఠమే చెప్పాను.

ఇంతెజాం

మా తాండూరు హెడ్‌మాస్టర్ని పాత అలవాటు కొద్దీ సదర్ సాబ్ అనేవాళ్లం. చెడ్డవాడు కాదు. వానకు కారే కప్పు ఆయన తిరిగి తిరిగి బాగు చేయించాడు. కాని ఇన్‌స్పెక్షన్ అంటే ఆయనకు గుండె జారిపోయేది. పేరు పోతుందని భయం. ఆ భయంలోంచి పుట్టిందే మా బడి ఇంతెజాం, అంటే ఏర్పాటు.

మీలో కొందరు వినే ఉంటారు. ఇన్‌స్పెక్టరు ఉన్నప్పుడు సారు ఏ ప్రశ్న అడిగినా క్లాసంతా చేతులెత్తాలి. ఒక్క చేయి కూడా కింద ఉండకూడదు. జవాబు వచ్చినవాళ్లు కుడి చేయి ఎత్తాలి, రానివాళ్లు ఎడమ చేయి. సారు కుడి చేతుల్లోంచి ఒకరిని లేపుతాడు. చూసేవాళ్లకు బడంతా సరస్వతి నిలయంలా కనిపిస్తుంది. చాలా బళ్లలో ఈ పద్ధతి ఉండేది. పిల్లలకు ఇదొక ఆటలా ఉండేది.

రహీం సాబ్‌కు ఇది మింగుడు పడలేదు. "సదర్ సాబ్, గిది ధోకా కాదా?" అన్నాడు.

"ధోకా ఎట్లయితది? వచ్చినోన్నే అడుగుతున్నం. రానోన్ని నలుగుట్ల నిలబెట్టి ఇజ్జత్ తీసుడెందుకు?" అన్నాడు సదర్ సాబ్. తర్వాత గొంతు తగ్గించాడు. "నీ నౌకరీ కోసమే పరేషాన్ అయితున్న. ఫికర్ చెయ్యకు, అంతా నేను సూసుకుంట."

పిల్లల పరువు మాట వినేసరికి రహీం సాబ్ తలూపాడు. అప్పట్నుంచి ఇన్‌స్పెక్షన్ రోజు దాకా ఆ క్లాసు చేత చేతులెత్తే సాధన చేయించారు.

ఆ క్లాసుకు రోజూ ఇంగ్లీషు చెప్పేది నేనే. అందులో ఆడపిల్లలు కొద్దిమందే. ఒక పక్క బెంచీమీద కూర్చునేవారు. వాళ్లలో మార్త ఒకతి. బషీరాబాద్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాయన నాపరాళ్ల గనిలో బండ తీస్తాడు. ఇంట్లో కొంత కన్నడం, కొంత తెలుగు. నోరు విప్పి మాట్లాడేది కాదు, కళ్లు మాత్రం పాఠం మీదే ఉండేవి. ఆ సాధన జరిగినన్ని రోజులూ మార్త బడికి రాలేదు. కంది కోతలకు తల్లి వెంట పోయింది. కోతల కాలంలో సగం బెంచీలు ఖాళీగా ఉండటం మాకు మామూలే కనుక ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే, తలకు నూనె రాసుకుని, వచ్చి తన చోట కూర్చుంది.

ఆ పాఠం

ఇన్‌స్పెక్టరు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మనిషి. తెల్ల ప్యాంటు, కళ్లజోడు. కఠినంగా ఉంటాడని విన్నాం గానీ మాట మెత్తన. వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్కన సదర్ సాబ్, ఆ పక్కన నేను.

రహీం సాబ్ పాఠం మొదలుపెట్టాడు. ఒకడు తలుపు తెరిచాడు. 'హి ఓపెన్డ్ ద డోర్ స్లోలీ' అంది క్లాసు. ఇంకొకడు కుండ తెచ్చాడు. 'హి క్యారీడ్ ద పాట్ కేర్‌ఫుల్లీ.' ఆయన నోట్లో ఇంగ్లీషు తడబడినా, పిల్లలతో మెలిగే తీరు చూసి ఇన్‌స్పెక్టరు ముందుకు వంగి వినసాగాడు. సదర్ సాబ్ నా మోకాలు తట్టాడు. గట్టెక్కామనుకున్నాను.

అప్పుడు ఇన్‌స్పెక్టరు లేచాడు. "బాగుందండీ మాస్టారూ. ఇప్పుడు నేర్పినవి కాకుండా వేరేది ఒకటి అడుగుదాం. వాళ్ల నాన్న ఎలా పనిచేస్తాడో అడగండి. ఒక్క వాక్యం చెబితే చాలు."

రహీం సాబ్ క్లాసు వైపు తిరిగాడు. "హౌ డస్ యువర్ ఫాదర్ వర్క్?"

క్లాసు ఒక్క క్షణం బిగుసుకుపోయింది. ఇది సాధన చేసిన ప్రశ్న కాదు. ఆ తర్వాత ఇంతెజాం ప్రకారం చేతులు లేచాయి. అన్నీ ఎడమ చేతులే. ఆడపిల్లల బెంచీలో మార్త కూడా చేయి ఎత్తింది. సీట్లోంచి సగం లేచి మరీ ఎత్తింది. అదీ ఎడమ చేయే. నేను చూశాను. సదర్ సాబ్ చూశాడు. రహీం సాబ్ చూపు ఆమె మీదుగా పోయి, కుడి చేయి కోసం గదంతా వెతికింది. ఒక్కటీ లేదు.

"ఇన్ని చేతులు లేచాయి కదా, ఎవర్నైనా అడగండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

రహీం సాబ్ కదల్లేదు. ఎవరినో ఒకరిని లేపమని సదర్ సాబ్ కళ్లతో సైగ చేస్తున్నాడు. లేపితే ఆ పిల్లవాడు నోరు తెరుచుకుని నిలబడతాడు. నలుగురిలో వాడి పరువు పోతుంది. ఆ పెద్దాయన చాక్‌పీసు బల్లమీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"సాబ్, ఎవర్ని అడిగినా రాదు," అన్నాడు. "ఎడమ చెయ్యెత్తినోళ్లకు ఎవ్వరికీ రాదు. గిది మేం చేస్కున్న ఇంతెజాం. పిల్లగాండ్ల తప్పేం లేదు. నేను చెప్పింది వాళ్లు చేసిన్రు."

సదర్ సాబ్ పేరు ఆయన ఎత్తలేదు. సదర్ సాబ్ కూడా నోరు విప్పలేదు. చేతులన్నీ ఒక్కొక్కటే దిగిపోయాయి. మార్త చేయి అన్నిటికంటే చివర దిగింది.

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు నిజం చెప్పారు మాస్టారూ. నాకు మీమీద గౌరవమే కలిగింది. కాని చూసింది చూసినట్టు రాయక తప్పదు." ఆయనలో కక్ష లేదు. ఆ మాట అనడానికి ఆయనా ఇబ్బంది పడ్డాడు. అంతా అయ్యాక జీపెక్కి వెళ్లిపోయాడు.

గంట కొట్టారు. పిల్లలు బయటికి పోయారు. వరండా స్తంభం పక్కన మార్త నిలబడి ఉంది. ముఖం ఎర్రబడింది.

"సార్, ననగ గొత్తిత్తు సార్," అంది ఏడుస్తూ. కోపమొస్తే ఆమె నోట కన్నడమే వచ్చేది. మళ్లీ తెలుగులో చెప్పింది. "నాకు తెలుసు సార్. నాకొస్తది. రాదని సారెందుకు చెప్పిండు?"

"మరి కుడి చెయ్యి ఎందుకెత్తలే?" అన్నాను.

ఆమె నాకేసి విచిత్రంగా చూసింది. "కుడి చెయ్యే ఎందుకెత్తాలె సార్?"

అప్పుడు నాకు అర్థమైంది. ఈ పిల్లకు ఇంతెజాం సంగతే తెలియదు. అడిగితే అన్నీ బయటపడ్డాయి. ఆమెది పుట్టుకతో ఎడమ చేతివాటం. మొదటి బడిలో సారు ఆ చేతిని తాడుతో కట్టేసి కుడి చేత్తో రాయించాడు. కాబట్టి రాత కుడి చేతిది, మిగతావన్నీ ఎడమ చేతివే. ఆమె రాయడమే చూసిన మాకు ఎవరికీ ఆ సంగతి తెలియదు.

నేను పరుగున పోయి రహీం సాబ్‌కు చెప్పాను. ఆయన క్లాసులోనే కూర్చుని ఉన్నాడు. 

"ఇప్పుడే పోదాం," అన్నాను. "మార్తను వెంటబెట్టుకొని పోదాం. ఇన్‌స్పెక్టరు సాబ్ ఊరు దాటి ఉండడు."

"ఏమని చెప్తవ్? ఒక్క పిల్లకు వచ్చని చెప్పి నా నౌకరీ అడుక్కోవాల్నా?" అన్నాడు. "మిగిలినోళ్లకు రాదన్నది నిజమే గదా. నౌకరీ పోనీ నర్సిమ్మా. గా బిడ్డకు రాదని అందరి ముంగట చెప్పిన. ఝూట్ చెప్పొద్దని నోరు తెరిచి, గింత పెద్ద ఝూట్ చెప్పిన."

ఉద్యోగం పోతోందని తెలిసినప్పుడు చెక్కుచెదరని మనిషి, ఆ మాటంటూ ఏడ్చాడు. నేను పక్కనే కూర్చున్నాను.

మీకు చెప్పదలచింది

అనుకున్నట్టే రహీం సాబ్‌ను తీసేశారు. సదర్ సాబ్‌కు ఏమీ కాలేదు. ఇందులో న్యాయం వెతకవద్దు, నాకైతే దొరకలేదు. సదర్ సాబ్ మీద అప్పట్లో మండిపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన కూడా బడి పేరు కాపాడాలనే చూశాడనిపిస్తుంది. కాని ఇన్‌స్పెక్టరు కళ్లు కప్పడానికి కట్టిన గంతలు ముందుగా మా కళ్లకే పడ్డాయి. రోజూ మా ఎదుట కూర్చునే పిల్లను మేం చూడలేకపోయాం. ఆ గదిలో చేతుల్ని చేతులుగా చూసినవాడు ఇన్‌స్పెక్టరు ఒక్కడే. ఎవరినైనా అడగమన్నాడు. ఎవరిని అడిగినా రాదని మేం చెప్పాం.

ఆ తర్వాత నా క్లాసులో నేనెప్పుడూ చేతులెత్తమని అడగలేదు. వచ్చినవాణ్నీ రానివాణ్నీ ఇద్దర్నీ లేపాను. రానివాడు లేస్తే, వాడికి వచ్చేలా ప్రశ్న మార్చి అడిగాను. పరువు పోకుండా చూడటమంటే అదీ. రానివాణ్ని దాచిపెట్టడం కాదు. ఇన్‌స్పెక్షన్లలో మా క్లాసు ఎప్పుడూ గొప్పగా మెరవలేదు. నాకు బాధ లేదు. మీరు కూడా మెరవకపోతే కంగారు పడకండి. పిల్లల చేత పనులు చేయించండి, ఎలా చేశారో వాళ్లనే చెప్పమనండి. ఇంగ్లీషు తప్పుగా వస్తే వచ్చింది, దిద్దుకుందాం. నోరు మూతపడ్డ పిల్లకు దిద్దడానికి ఏమీ మిగలదు.

మార్త సంగతి అడుగుతారు. చదివింది. ఇంగ్లీషు పరీక్ష మొదటిసారే గట్టెక్కింది. అయితే ఆ రోజు తర్వాత ఆమె బడి మానేసి ఉండేది. మానలేదంటే దానికి తాండూరు స్టేషన్లో జరిగింది కారణం.

ప్లాట్‌ఫారం మీద

ఇన్‌స్పెక్షన్ మర్నాటి నుంచి మార్త రాలేదు. కందులు కొట్టే పని ఉందన్నారు. ఆ పని అయిపోయాకా రాలేదు. ఈలోగా రహీం సాబ్‌కు ఉత్తర్వు వచ్చింది. గుల్బర్గాలో తమ్ముడి దగ్గరికి పోతున్నానని చెప్పాడు. "గా బిడ్డను ఒక్కసారి చూడాలె" అన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు.

నేను గని దగ్గరికి పోయాను. మార్త వాళ్ల నాయన బండమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మా పిల్లకు సదువు రాదంట గద సార్. పెద్ద సారే చెప్పిండంట," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ కష్టమనిపించింది. "ఇగ ఎందుకు తోలాలె?"

"పెద్ద సారు రేపు వాడి జంక్షన్ రైలుకు పోతుండు. పిల్లను తీస్కొని టేషన్‌కు రా. ఆయన మాట ఆయన నోటితోనే విను," అన్నాను.

వస్తాడో రాడో అనుకున్నాను. మర్నాడు రైలు వేళకు ఇద్దరూ వచ్చారు. రహీం సాబ్ ఒక రేకు పెట్టె, ఒక పరుపు చుట్టతో నిలబడి ఉన్నాడు. పక్కన బుర్ఖాలో ఆయన భార్య. సాగనంపడానికి బడి పిల్లలు కొందరు వచ్చారు. మార్త నాయన వెనక దాక్కుంది.

రైలు వచ్చి ఆగింది. సామాను ఎక్కించాం. రహీం సాబ్ ఎక్కలేదు. మార్త ఎదుటికి నడిచి, క్లాసులో నిలబడ్డట్టే నిటారుగా నిలబడ్డాడు.

"మార్తా, హౌ డస్ యువర్ ఫాదర్ వర్క్?"

అదే ప్రశ్న. మార్త ఎడమ చేయి సగం ఎత్తి, చప్పున దించేసింది. ఈపాటికి ఆమెకు ఇంతెజాం సంగతి ఎవరో చెప్పి ఉంటారు.

"ఎత్తు బిడ్డా," అన్నాడు రహీం సాబ్. "ఏ చెయ్యి అయినా ఎత్తు."

మార్త ఎడమ చేయి ఎత్తింది. నాయనకేసి ఒకసారి చూసి, గట్టిగా చెప్పింది. "ఫస్ట్ హి స్ట్రైక్స్ ద స్టోన్ లైట్లీ. దెన్ హి స్ట్రైక్స్ ఇట్ హార్డ్."

ఒక్క తప్పు లేదు. ఒక వాక్యం అడిగితే రెండు చెప్పింది. ఆమె నాయన నా చేయి పట్టుకున్నాడు. "ఏమన్నది సార్ మా పిల్ల?"

"మా నాయన మొదలు బండను మెల్లగ కొడ్తడు, తర్వాత గట్టిగ కొడ్తడు అన్నది."

"అవ్ సార్," అన్నాడతను, కూతురికేసి కొత్తగా చూస్తూ. "గట్లనే కొట్టాలె. మొదలే గట్టిగ కొడ్తే బండ పల్గిపోతది."

రహీం సాబ్ అతని వైపు తిరిగాడు. "భయ్యా, నీ బిడ్డకు వస్తది. నేను రాదన్న, తప్పు చెప్పిన. పిల్లను బడి మాన్పియ్యకు." మార్త తలమీద చేయి పెట్టాడు.

గార్డు ఈల వేశాడు. ఆయన ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. రైలు కదలగానే మేమంతా కుడి చేతులెత్తి సలాం చేశాం. ఎడమ చేత్తో పుస్తకం ఇస్తే అందుకోని ఆ మనిషి, కిటికీలోంచి తన ఎడమ చేయి బయటికి పెట్టి ఎత్తాడు. మా బడిలో జవాబు రానివాళ్లు ఎత్తే చేయి అది. పక్కనున్న పిల్లలు ఆయన పొరపాటు పడ్డాడనుకున్నారు. మార్త మాత్రం తన ఎడమ చేయి ఎత్తి, రైలు కనబడినంతసేపూ దించలేదు.